భీమిలి అలల్లో బర్రె

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇప్పుడు మా అబ్బాయికి బదిలీ అయింది.) మాది హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా, పాడి కుటుంబం. మా బాపు మనుషులతో తెలుగులోనూ, బర్రెలతో దక్కనీ ఉర్దూలోనూ మాట్లాడేవాడు. నేనేమో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పోతూ, ఇక పేడవాసనతో నాకు పనిలేదనుకున్నాను. అలాంటి రోజుల్లోనే ఆఫీసువాళ్ళతో విశాఖ వెళ్ళి మొదటిసారి సముద్రం చూశాను.

మా గుంపుకు పెద్ద, కాకినాడ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన సెక్షన్ ఆఫీసరు. మేం గోదారి సార్ అనేవాళ్ళం. "మీ పాతబస్తీ వాళ్ళకి సముద్రం ఏం తెలుసండీ, ట్యాంక్‌బండ్ చూసే మురిసిపోతారు" అని రైలెక్కినప్పటి నుంచి ఒకటే ఎగతాళి. మర్నాడు అందరూ బీచ్ రోడ్డులో మొక్కజొన్న కంకులు తింటూ ఫోటోలు దిగుతుంటే నాకు రోషం వచ్చింది. "ఏంది సార్, చార్మినార్ ముంగట ఫోటో దిగినోడు హైదరాబాద్ మొత్తం చూసినట్టేనా? ఎన్కగల్లీలు చూద్దాం నడువుండ్రి" అని ఆయన్ను భీమిలి బస్సెక్కించాను. అక్కడా జనం ఉన్నచోట ఆగనివ్వలేదు. వలలు ఆరేసిన సందుల్లోంచి, ఎండుచేపల వాసనలోంచి లాక్కుపోయాను. పాపం, సార్ ముక్కు మూసుకునే నడిచారు.

సందులు దాటి ఒడ్డుకు చేరేసరికి అక్కడంతా గోల. కుక్కలు తరిమితే బెదిరిన బర్రె ఒకటి సముద్రంలో దిగిపోయింది. అలలు మీద పడుతున్నా వెనక్కి రాదు. కుర్రాళ్ళు అరుస్తూ తాడు విసిరినకొద్దీ ఇంకా లోపలికి పోతోంది. ఒడ్డున ఒక ముసలమ్మ, "నా గేదె పోనాది బాబో, నా బతుకంతా అదే!" అని గుండెలు బాదుకుంటోంది.

"అందరు చుప్ ఉండుండ్రి! లొల్లి జేస్తె బర్రె రాదు" అని అరిచి, నన్నెవరూ అడగకపోయినా దిగాను. నాకు ఈత రాదన్న సంగతి నడుములోతుకు వెళ్ళాక గుర్తొచ్చింది. మెల్లగా పక్కనుంచి చేరి, బాపు చేసినట్టే గొంతు కింద గోకుతూ, "ఆజా బేటీ, డర్ నక్కో, చల్ ఘర్‌కు" అంటూ, భయపడకు, ఇంటికి పోదాం రమ్మని బుజ్జగించాను. చెవి ఆడించింది. అంతలో పెద్ద అల వచ్చి నన్ను ముంచేసింది. చేతికందిన కొమ్ము పట్టుకున్నాను. అది ఒడ్డుకు నడిచింది. (ఎవరిని ఎవరు కాపాడారన్నది గోదారి సార్‌కూ నాకూ మధ్య ఇంకా తేలలేదు.)

ముసలమ్మ నా గడ్డం పట్టుకుని, "ఏ ఊరు నాయనా నీది?" అంది. నేను నోట్లోని ఉప్పునీళ్ళు ఊసేలోపే సార్ ముందుకొచ్చి, "మా వాడేనండీ! హైదరాబాదు, పాతబస్తీ!" అన్నారు. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "బర్రె మంచిగున్నదా?" అని ముందు అడిగాడు. ఆ తర్వాతే, "నువ్వు?" అన్నాడు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి పంచి ఊరుకున్న మనిషి, ఇది మాత్రం కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు: "మావోడు సముద్రంల దిగి బర్రెను తెచ్చిండు భాయ్!" ఏటేటా ఆయన మాటల్లో ఆ అల మరింత ఎత్తు పెరుగుతూ వచ్చి, చివరికి మా మేడను దాటింది. నేనెప్పుడూ సరిదిద్దలేదు. ఇప్పుడు బాపు లేడు కాబట్టి ఆ కథ నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. అలను మాత్రం బాపు వదిలిన ఎత్తు నుంచి ఒక్క అంగుళం కూడా దించలేదు.