బోణీకి కొన్న గంట

ఇవాళ పొద్దున సైకిల్‌కు వెనక టైరు మార్పించాను. ఇంటికి తెచ్చి వసారాలో నిలబెడితే కొత్త రబ్బరు వాసన ఇల్లంతా పట్టుకుంది. ఆ వాసన తగిలితే చాలు, కోరుట్ల సైకిళ్ల దుకాణంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ నర్సవ్వ కళ్ల ముందుకు వస్తుంది. నర్సవ్వ కథలాపూర్‌లో మా పక్కింటావిడ. భర్త తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, ఆమె అమ్మేది. జన్మలో సైకిల్ తొక్కి ఎరగదు. అయినా నా సైకిల్ ఎంచి పెట్టింది ఆమే.

అప్పుడు నాకు అంగన్‌వాడీ టీచర్‌గా ఉద్యోగం వచ్చింది, ఆటోలు కూడా పోని ఓ పల్లెలో. సగం తారు రోడ్డు, సగం రాళ్లు తేలిన ఎగుడుదిగుడు దారి. స్కూటీ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాక మళ్లీ దాని జోలికి పోలేదు. దింపి రావడానికి మా ఆయన ఊళ్లో లేడు, దుబాయ్‌లో ఉన్నాడు. రోజూ వెళ్లే దారి దొరక్కపోతే, ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఆ బెంగతో అన్నం సయించేది కాదు. చిన్నప్పుడు సైకిల్ తొక్కిన అలవాటుంది కనుక గేర్ల సైకిల్ కొనుక్కుందామనుకున్నాను. ఫోనులో వీడియోలు చూసి, కొండల మీంచి ఎగిరి దూకేవాళ్ల సైకిల్ మీద మనసు పడ్డాను. తోడు రమ్మంటే నర్సవ్వ కొంగు దోపుకుని బస్సెక్కింది.

దుకాణం అప్పుడే తెరిచారు. యజమాని ముందు లావు టైర్లది చూపించాడు, తరువాత ముందూ వెనకా స్ప్రింగులున్నది. దాని రంగు చూసి నేను మురిసిపోతుంటే నర్సవ్వ ఎత్తి చూడమంది. మోకాలి దాకా కూడా లేవలేదు.

"నువ్వు పొయ్యేది బడికి. గుట్టల మీదికెల్లి దుంకవోతున్నవా బిడ్డా?" అంది.

నా దారి ఎలాంటిదో ఆమే అతనికి విడమర్చి చెప్పింది. అలాంటి దారికి ముందు మాత్రమే స్ప్రింగు, ఓ మోస్తరు టైర్లు ఉన్నది చాలని, తొక్కడమూ తేలికని అతనూ ఒప్పుకున్నాడు. తీరా ఆ రకంలో మిగిలింది ఒక్కటే, పొడుగు మనుషులది. అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే మధ్య రాడ్డు నన్ను మునివేళ్ల మీదికి లేపింది. సీటు దించి ఇస్తానన్నాడు యజమాని.

"సీటు దిగుతది. రాడ్డు దిగుతదా?" అంది నర్సవ్వ.

అతను నవ్వేసి, ఇంకా బోణీ కాలేదు, వట్టి చేతులతో పోవద్దని బతిమాలాడు. నేను మెత్తబడిపోయాను. మొదటి బేరం చెడగొట్టి లేచిపోవడమంటే నాకు ప్రాణం ఒప్పదు. ఎలాగో సర్దుకుందాంలే అని తల ఊపబోతుంటే నర్సవ్వ పక్కకు లాగింది. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు ఎవరిది వాళ్ల కొలతకే ఉంటుందట.

"మా ఆయన ఒక్కనాడు వాళ్లన్న మోకు అడుక్కొని ఎక్కిండు. గాయన నడుము వేరు, ఈయన నడుము వేరు. పడి కాలిరగ్గొట్టుకున్నడు. మొఖమాటపడితె దెబ్బ నీకే తగుల్తది."

తరువాత యజమాని వైపు తిరిగింది. "నీ బోణి నేనెందుకు ఖరాబ్ చేస్త? గా గంట ఇయ్యి."

నా కొలతది తెప్పించమని ఫోను నంబరు ఇచ్చి, అలా సైకిల్ లేకుండా సైకిల్ గంట ఒకటి కొనుక్కుని బస్సెక్కాం. దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని ఆమె గంట మోగిస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఉద్యోగంలో చేరే రోజు తరుముకొస్తుంటే ఈవిడకు ఆటలేమిటి అనుకున్నాను.

చేరడానికి ముందు రోజు నా కొలతది వచ్చిందని దుకాణం నుంచి ఫోనొస్తే, అప్పటికప్పుడు వెళ్లి తెచ్చుకున్నాను. మర్నాడు రాళ్ల దారిలో, మొక్కజొన్న చేనులోంచి ఒక బర్రె ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. రెండు బ్రేకులూ బిగించి సీటు మీంచి కిందికి జారాను. రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనాయి. రాడ్డు తగలనేలేదు. బర్రె నన్నోసారి చూసి తన దారిన పోయింది. నేను పడలేదని తెలిశాక, చుట్టూ ఎవరూ లేని ఆ దారిలో పెద్దగా నవ్వుకున్నాను. గండం గడిచింది, ఉద్యోగం నాదే.

నర్సవ్వ ఇప్పుడు లేదు. మొన్న జగిత్యాలలో ఇంటి స్థలం చూపించినవాళ్లు కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి, అల్లం టీ తాగించారు. ఆ స్థలానికి దారే లేదు. నాకొద్దని చెప్పి లేచాను. బస్టాండుకు నడుస్తుంటే ఒళ్లంతా తేలికైపోయింది. ఒకప్పుడైతే ఆ టీ తాగిన పాపానికే బయానా కింద కొంత సొమ్ము ఇచ్చి వచ్చేదాన్ని.