కంప్యూటర్ తుడిచేసి చూసిన వదిన

పోయిన మంగళవారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన ఇక లేదమ్మా" అన్నాడు. కొన్నాళ్ళుగా వదినకు గుండె బాగోలేదని తెలుసు. అయినా నా చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది.

వదిన వినుకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను అక్కడ బళ్ళో టీచరుగా చేరి వాళ్ళింట్లోనే ఉన్నాను. కాలేజీ నుంచి వస్తూనే ఎసరు పడేసి కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎక్కడెక్కడి మనుషులో జీతం లేకుండా తయారుచేసే ఒక లినక్స్‌కి, అంటే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌కి, తనూ పనిచేసేది. అందులో సాఫ్ట్‌వేర్ వండి వడ్డించినట్టు రాదు. సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన మూలం, తెచ్చుకుని ఎవరి కంప్యూటర్లో వాళ్ళు కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి. దానికి ముందు కంప్యూటర్లో ఏమేం ఉండాలో చెప్పే ఫైలు ఒకటి ఎవరో రాసిపెట్టాలి. ఒక ప్రోగ్రామింగ్ భాషకు ఆ ఫైలు పూచీ వదినది.

ఒక ఎండాకాలం ఆ భాష కొత్త వెర్షన్ వచ్చింది. వదిన ఫైలు పంపింది. బ్రెజిల్‌లో ఒకాయనకు తప్ప అందరికీ పనిచేసింది. ఆయనకు మధ్యలో ఆగిపోతోందట. లోపం ఆయన కంప్యూటర్లోనే అని మిగతావాళ్ళు తేల్చేశారు.

"అందరికీ వస్తోందిగా, వదిలెయ్" అన్నాడు అన్నయ్య.

"ఆయన అబద్ధం ఎందుకు చెబుతాడండీ?" అంది వదిన.

పాఠాలు సీడీల్లోకి ఎక్కించి, తన కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసింది. ఏమీ లేని కంప్యూటర్లో ఏమవుతుందో చూడాలని అన్నీ మొదటినుంచి కంపైల్ చేయడం మొదలుపెట్టింది. సగంలో కరెంటు పోయేది. మళ్ళీ మొదటికి.

"ఉన్నది కాస్తా పాడుచేస్తావు" అని అన్నయ్య విసుక్కున్నాడు. వదిన అన్నయ్య కంచంలో గోంగూర వడ్డించి, వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

చివరికి ఆ భాష కంపైల్ అవుతూ ఆగిపోయింది. సరిగ్గా బ్రెజిల్ ఆయనకు ఆగినచోటే.

"అమ్మాయ్, ఆగిపోయింది!" అంటూ వంటింట్లోకొచ్చి నా భుజాలు పట్టి ఊపేసింది. పరీక్ష పాసైనదానిలా ఉంది ముఖం.

ఆ భాషకు ఒక చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడు, కావాలి. వేరే ఏదో పనికని అది ముందే, బ్రెజిల్ ఆయనది తప్ప, అందరి కంప్యూటర్లలోకీ చేరింది కాబట్టి, ఫైలులో రాయాలని తనకు తట్టలేదు. "మనింట్లో ఉంది కదాని ఊళ్ళో అందరింట్లో ఉంటుందనుకున్నానమ్మా" అంది. ఒక్క లైను చేర్చి, తప్పు తనదేనని అందరికీ తెలిసేలా రాసింది.

ఇప్పటికీ నా క్లాసులో ఒక్క పిల్ల అర్థం కాలేదంటే, "అందరికీ అర్థమైందిగా" అనబోయి ఆగిపోతాను. మళ్ళీ చెబుతాను. అది వదిన పెట్టిన భిక్షే.

కళ్ళు మూసుకుంటే ఆ రోజులే కనిపిస్తున్నాయి. పక్కింటి డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు గదిలోకి కొడుతోంది. వదిన పమిట ముక్కుకి అడ్డంపెట్టుకుని తుమ్ముతూ, తెర మీద పైకి పాకిపోతున్న అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకుంటోంది.