గోడ మీది నైవేద్యం

మా సారు పోయారని మొన్న గురువారం పొద్దున తెలిసింది. సూరత్‌లోని గోడాదరాలో బస్సు కోసం నిలబడి ఉంటే పనిచోటు నుంచి ఫోన్ వచ్చింది. మాట అయిపోయాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకొని ఉండిపోయాను. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయిందట, నేను చూడలేదు. పక్క సందులోని మగ్గాల చప్పుడు మాత్రం నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

ఆయన నాకు చుట్టం కాదు. సూరత్ బయట, సముద్రం వైపున ఉన్న చిన్న విమాన శిక్షణ మైదానంలో భద్రత చూసే అధికారి. నేను అక్కడ చాయ్ పెడతాను, గదులు ఊడుస్తాను. మాది కరీంనగర్ దిక్కు అని తెలిసిన రోజు ఆయన ముఖం వెలిగిపోయింది. "అరే, మనోళ్లే! ఇగ నా చాయ్‌ల చక్కెర ఎయ్యకు చెల్లె. షుగరున్నదని ఈడోళ్ల ముంగట చెప్పలేక ఇన్నొద్దులు తాగిన" అన్నారు.

చలికాలం పొద్దున ఆ మైదానం కలలో చూసిన చోటులా ఉంటుంది. రన్‌వే సగం కనిపిస్తుంది, సగం మంచులో కలిసిపోతుంది. ఆ మంచులో సారు లావుపాటి పుస్తకం చంకన పెట్టుకొని నడిచేవారు. మైదానంలోని ప్రతి వస్తువుకూ అందులో ఒక గడి. ఇసుక బకెట్, బోర్డు మీది రంగు, కంచె, దీపాలు, అన్నిటికీ ఒకే తీరు టిక్కు. పై ఆఫీసు అడిగేది ఆ టిక్కులనే.

నా టీ గదిలో వేంకటేశ్వరస్వామి పటం ఉంది. రోజూ పెరుగన్నం నైవేద్యం పెడతాను. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేయి రాదు కదా, వెనక గోడ మీద పెట్టేదాన్ని. కాకులు, గోరింకలు వచ్చేవి. కొన్నాళ్లకు వాటి వెనకే తెల్లమెడ గరుడపక్షి వచ్చింది. అది తలపైన తిరుగుతుంటే చీపురు పక్కన పెట్టి దండం పెట్టుకునేదాన్ని. స్వామి నా అన్నం అందుకుంటున్నాడనుకున్నాను.

ఒక ఉదయం ఒంటరిగా ఎగిరిన శిక్షణ అమ్మాయి విమానానికి ఆ పక్షి తగిలింది. రెక్క అంచు సొట్టపోయింది. ఎలాగో దించింది పిల్ల. దిగాక నీళ్ల గ్లాసు నేనే పట్టి తాగించాను. గడ్డిలో తెల్లటి ఈకలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

చెత్తడబ్బా మూత తెరిచి ఉంచాడని, అందుకే పక్షులు వచ్చాయని గేటు కాపలాదారును తీసేసే మాట నడిచింది. నేను పటం ముందు నిలబడ్డాను. దండం పెట్టడానికి చేతులు లేవలేదు. నేరుగా సారు గదికి వెళ్లాను.

"సారూ, గోడ మీద అన్నం పెడుతున్నది నేనే."

ఆయన కలం ఆగింది. "ఎప్పటి సంది?"

"రెండేండ్ల సంది. నన్ను తీసేస్తరా?"

"నిన్ను తీసేస్తే రేపు ఇంకొకలు వచ్చి నిజం చెప్తరా?" అని ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. "రెండేండ్ల సంది నేను గా గోడ పక్కకెళ్లే పోతున్న. బోర్డుకు రంగు పోయిందా అని చూసిన గని, గోడ దిక్కు చూడలే. అన్నిటిని ఒక్క తీరుగ చూస్తే, ఏదీ చూడనట్టే చెల్లె."

కాపలాదారు ఉద్యోగం నిలబడింది. ఆ వారమే సారు తన గది గోడకు మైదానం మ్యాపు పెద్దది అంటించారు. ప్రమాదం ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట ఆకుపచ్చ. ఎరుపు దగ్గరికి రోజూ వెళ్లేవారు, ఆకుపచ్చ దగ్గరికి నెలకోసారి. ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో తోటమాలిని, డ్రైవర్లను, నన్ను అడిగేవారు. మెకానిక్కులు "పిట్టల సాబ్ వచ్చిండు" అని నవ్వుకునేవారు. టిక్కులు తగ్గాయన్న పై ఆఫీసుతో ఫోన్లో ఆయన గొంతు పెంచడం ఒకటి రెండుసార్లు విన్నాను.

"మరి నైవేద్యం ఏం చెయ్యాలె సారూ?" అని అడిగాను.

"పెట్టుడు ఆపకు. నాకు పెట్టు."

ఆనాటి నుంచి పదకొండింటికి నా స్టీలు గిన్నె ఆయన బల్ల మీదికి వెళ్లేది. కళ్లకద్దుకొని తినేవారు. "మీ దేవుడు ఉప్పు జర తక్కువ తింటడా ఏంది?" అనేవారు.

ఆయన పోయిన కబురు వచ్చిన రెండు రోజులకు, శనివారం, డ్యూటీకి వెళ్లాను. సారు కుర్చీలో కొత్తగా వచ్చిన అధికారి కూర్చున్నాడు. టీ గది గుమ్మం దగ్గర, నాకంటే పెద్దవాడైన మెకానిక్ ఒకాయన వచ్చి నిలబడ్డాడు. గుజరాతీ మనిషి, చెల్లెలిని పిలిచినట్టు నన్ను బెన్ అంటాడు.

"బెన్, నా పెట్టెలో ఒక పానా తక్కువైంది. విమానంలో మరిచానో, బయట పడేశానో తెలియదు. చెప్తే నా పని పోతుందేమో" అన్నాడు హిందీలో, గొంతు తగ్గించి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పానా ఇంజన్‌లో ఉండిపోతే ఎగిరేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మంచు విడవగానే విమానాలు బయలుదేరతాయి.

"పద భాయ్, నేనూ వస్త" అన్నాను.

కొత్త అధికారి మెకానిక్ చెప్పింది మొత్తం విన్నాడు. తర్వాత ఫోన్ తీసి అన్ని విమానాలూ ఆపమన్నాడు. "చెప్పి మంచి పని చేశారు" అన్నాడు మెకానిక్‌తో.

కొందరు విమానాలు విప్పి చూస్తున్నారు. మిగతా అందరం పానా వెతకడానికి గడ్డిలో ఒకే వరుసగా నిలబడ్డాం. శిక్షణ పిల్లలు, డ్రైవర్లు, కాపలాదారు, ఆ మెకానిక్. నేను చెప్పులు విప్పి చివర చేరాను. తలలు వంచి, అడుగులో అడుగు వేస్తూ కదిలాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే వరుస ఆ కొస నాకు కనిపించడం లేదు. తడిగడ్డి మీద అందరి అడుగులూ మాత్రం మెల్లగా, కలిసి వినిపిస్తున్నాయి.