నాలుగో మంచం మీది ఫ్యాన్

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలో, ఒక బట్టల హోల్‌సేల్ షాపు పై అంతస్తులో, మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లు ఏడుగురు కలిసి నడిపే క్లినిక్‌లో నేను రిసెప్షన్ చూసేవాణ్ణి. గుండె, ఊపిరితిత్తులు, చర్మం, కీళ్లు, అన్నీ ఒకే వరండాలో. గుండె కోసం వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని చర్మం కూడా చూపించుకుని వెళ్లేవారు.

ఏటా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు మా పేషెంట్లలో కొందరిని తీసుకెళ్లి పడుకోబెట్టడం నా పని. విద్యార్థులు వాళ్లను చూసి జబ్బేమిటో చెప్పాలి. ఆ వీధి చివర షాపున్న సాయిబుగారు, అరవై దాటిన దర్జీ, మాకు పెద్ద దిక్కు. ఆయన గుండె కవాటం చేసినంత చక్కని చప్పుడు జిల్లాలో లేదని పెద్ద డాక్టరుగారు అనేవారు. పరీక్ష రోజు సాయిబుగారు షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. విద్యార్థులు ఎంత బతిమాలినా జబ్బు పేరు మాత్రం చెప్పేవారు కాదు. తనను చూసి పాసైన డాక్టర్లు పదకొండు మంది అని జాకెట్లు కుట్టించుకునేవాళ్లందరికీ చెప్పుకునేవారు.

ఒక ఏడాది, ఎవరు ఏ మంచమో రాసిన జాబితాను స్కూటర్ డిక్కీలో మరిచిపోయాను. కిందికి వెళ్లడానికి బద్ధకించి, గుర్తున్నట్టు పడుకోబెట్టాను. మూడో మంచం మీద ఉండాల్సిన సాయిబుగారు నాలుగో మంచం మీదికి, అక్కడుండాల్సిన ఊపిరితిత్తుల పేషెంటు మూడో మంచం మీదికి వెళ్లారు.

ఒక అమ్మాయి సాయిబుగారిని పరీక్షించి, గుండె కవాటమని చెప్పింది. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు, స్టెతస్కోపు తీయకుండానే, కాగితంలో నాలుగో మంచానికి ఊపిరితిత్తులని ఉంది కాబట్టి ఆమెకు చీవాట్లు పెట్టాడు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. సాయిబుగారు లేచి కూర్చున్నారు.

“అమ్మాయి చెప్పింది కరెక్టేనండీ. ఈ గుండె జబ్బు పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉంది.”

స్టెతస్కోపు పెట్టి చూస్తే ఆయన మాటే నిజం. ఆ అమ్మాయి పాసైంది. పెద్ద డాక్టరుగారు నావైపు తిరిగి, ఇదెలా జరిగిందన్నారు. నా నోట వచ్చిన మాట ఇది: “ఫ్యాను కింద పడుకుంటానని ఆయనే మంచం మారారండీ.”

క్రమశిక్షణ లేని పేషెంటని సాయిబుగారి పేరు కొట్టేశారు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని వెళ్లిపోయారు. రెండేళ్లు పరీక్ష రోజున కూడా షాపు తెరిచే ఉంచారు. ఆ దారిన వెళ్లాల్సొస్తే నేను అవతలి పక్క నడిచేవాణ్ణి.

మూడో ఏడు ఎవరి గుండే సరిగా వినపడక, ఆయన్నే తీసుకురమ్మన్నారు. పిలవగానే మెడలోంచి టేపు తీసి వచ్చారు. ఆ ఏడు ఆయనకు నాలుగో మంచమే రాసిపెట్టారు. పడుకుని పైకి చూశారు. కొక్కెం తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

“నేను ఆశపడ్డ ఫ్యానేది బాబూ?”

డాక్టర్లందరూ పైకి చూశారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు దొరకలేదు.

“రిపేరుకిచ్చామండీ” అన్నాను.

“రెండేళ్ల నుంచా?” అని, సాయిబుగారు చొక్కా గుండీలు విప్పుకుని, పిల్లల్ని పంపమన్నారు.