లాక్టోమీటరుకి లక్క

మా మావగారికి రాని విద్య లేదు. ఆ సంగతి ఆయనే చెప్పేవారు. ఫ్యూజు పోతే ఎవర్నీ పిలవనిచ్చేవారు కాదు, తనే కట్టేవారు, దాంతో మా ఇల్లే కాక పక్కిల్లు కూడా చీకటయ్యేది. గోడ గడియారం విప్పి మళ్ళీ బిగిస్తే మరలు మిగిలేవి. "ఇవి దండగవి, ఊరికే పెట్టారు" అని పారేసేవారు. డెబ్బైల్లో నేను తిరువూరు కాపురానికి వచ్చేసరికి ఆయనకి ఇంకో హోదా కూడా వచ్చిపడింది. ఊళ్ళో పాలు పోయించుకుని బెజవాడ పంపే కేంద్రం మా అరుగు మీద పెట్టారు, దానికి ఆయనే పెద్ద.

ఆ పెద్దరికమంతా ఒక గాజు పుల్లలో ఉండేది. దాన్ని లాక్టోమీటరంటారు. కింద బరువున్న బుడ్డి, పైన సన్నటి గొట్టం, గొట్టంలో అంకెల కాగితం. పాలల్లో వదిలితే మంచి పాలల్లో పైకి తేలుతుంది, నీళ్ళు కలిస్తే కిందికి దిగుతుంది. ఇంతకుమించి అందులో ఏమీ లేదు. మావగారు మాత్రం దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అందరూ చూశాక, కళ్ళు చికిలించి తీర్పు చెప్పేవారు.

అయితే అందరి పాలల్లోనూ ముంచేవారు కాదు. చుట్టాల పాలు, మోతుబరుల పాలు చూడకుండానే క్యానులో పోయించేవారు. "వాళ్ళ పాలు పరీక్ష చేస్తే ఏం మర్యాదగా ఉంటుంది?" అనేవారు. మా గేదెల పాలు సరేసరి. పరీక్షలన్నీ ఊరవతల పేట నుంచి వచ్చే కూలివాళ్ళకే. పాలల్లో నీళ్ళు కలపడానికి కూడా ఇంటిపేరు చూసుకోవాలని నాకు ఆ అరుగు మీదే తెలిసింది.

పేటలో చర్చి పక్కన ఉండే ఒకామె మా పొలంలో నాట్లకు వచ్చేది. ఆమెకి ఒక్కటే గేదె. ఆ పాలు చిక్కగా ఉంటాయని బస్టాండు హోటలాయన ఎన్నిసార్లు అడిగినా పోసేది కాదు. కేంద్రంలో పోస్తే, నలుగురి ముందూ గాజు పుల్ల తేలితే, ఫలానా ఆమె పాలు మంచివని పేరు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం.

ఒకరోజు ఎవర్నో కేకలేస్తూ మావగారు చేతిలో ఉన్న లాక్టోమీటరుతో క్యాను అంచు మీద టకటకా కొట్టారు. గాజుకి కోపతాపాలు తెలియవు కదా, గొట్టం పైకొస విరిగి ఊడింది. బెజవాడ కబురు చేస్తే ఇంకోటి పంపేవాళ్ళే. కానీ ఎలా విరిగిందంటే ఏం చెప్పాలి? అందుకని అతకడానికి కూర్చున్నారు.

మొదట తుమ్మబంక. అంటుకున్నట్టే అంటుకుని, కడిగేసరికి నీళ్ళల్లో నాని ఊడొచ్చింది. తర్వాత వడ్రంగి దగ్గర వజ్రం తెప్పించారు. ఎముకలూ తోళ్ళూ ఉడకేసి చేసే జిగురు అది, కాచితే ఇల్లంతా కంపు. అత్తయ్యగారు పొయ్యి మీద పెట్టనివ్వలేదు. మావగారికీ శుచి గుర్తొచ్చింది: "పాలల్లో పెట్టేదానికి వజ్రమేంటి, అపచారం." ఆ తర్వాత సైకిలు షాపు సొల్యూషను. ట్యూబు పంచరుకి బ్రహ్మాండంగా పనికొస్తుందిగానీ గాజు మీద రబ్బరు సాగుతూనే ఉంది, కొస ఒక పక్కకి వాలిపోయింది.

బెజవాడలో గాజుకి ప్రత్యేకంగా రెండు ట్యూబుల జిగురు దొరుకుతోందని మా ఆయన చెప్పారు. జిడ్డు లేకుండా కడగాలి, రెండూ సమానంగా కలపాలి, పల్చగా రాయాలి, ఆరేదాకా కదపకూడదు. మావగారు నవ్వారు. "ఒకదాంట్లో బలం లేకనేగా రెండోది ఇచ్చింది! అయినా పల్చగా రాస్తే ఏం అంటుకుంటుందిరా? ఎంత పెడితే అంత గట్టి."

చివరికి లక్క దొరికింది. పోస్టాఫీసులో సీలు వేసే ఎర్ర లక్క. లక్క కూడా పురుగుల ఒంట్లోంచి వచ్చేదేనని ఆయనకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కొవ్వొత్తి మీద కరిగించి, పాల జిడ్డు కూడా తుడవకుండా, ముద్దలు ముద్దలుగా పెట్టి, పైన దారం చుట్టి, దాని మీద ఇంకా లక్క పోశారు. గాజు పుల్ల నెత్తిన ఉసిరికాయంత గడ్డ లేచింది. "ఇక జన్మలో ఊడదు" అన్నారు. నిజంగానే ఊడలేదు.

నెత్తిన అంత బరువు మోసేది కాస్త ఎక్కువ మునుగుతుందని ఎవరికైనా తట్టాలి. మర్నాడు పేట ఆమె పాలల్లో వదిలితే బుడుంగున దిగింది.

"ఏమే, నీళ్ళు కలపడం మొదలెట్టావా?"

"అయ్యో, నేనెందుకు కలుపుతానండీ? ఇప్పుడే పితికి తెచ్చానండి."

"గాజు అబద్ధం చెబుతుందా?"

ఆమె గిన్నె పక్కన పెట్టించారు. ఆ వెనక వచ్చిన పేటవాళ్ళ పాలు కూడా నీళ్ళేనని తేలింది. ఒక్కరాత్రిలో అందరూ కూడబలుక్కుని దొంగలైపోయారన్నమాట! ఆమె గిన్నె ఎత్తుకుంది. ఆ పాలు తీసుకెళ్ళి హోటల్లో పోసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం అత్తయ్యగారు పాలు పితికి తెచ్చారు. ఇంకా నురుగు తగ్గలేదు. "మావయ్యగారూ, మనవి కూడా ఒకసారి చూద్దామా?" అన్నాను. కోడలు సరదా పడుతోందనుకుని, నురుగు తగ్గాక ముంచారు. అంతే లోతుకి దిగింది. ఇప్పటికైనా ఆ లక్కగడ్డ వైపు చూస్తారనుకున్నాను. ఆయన అత్తయ్యగారి వైపు చూశారు.

"ఎంత కలిపావు?"

"నేనా?" అన్నారావిడ. గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. అప్పటిదాకా మావగారంటే నాకు నవ్వొచ్చేది. ఆ సాయంత్రం అసహ్యం వేసింది.

పేటవాళ్ళు రాక క్యాన్లు సగానికి పడిపోయాయి. బెజవాడ నుంచి ఎందుకని అడిగారు. అప్పుడు మా ఆయన వెళ్ళి కొత్త లాక్టోమీటరు తెచ్చారు. మావగారు పాతది ఎక్కడ దాచారో తెలియదు. మళ్ళీ పాలు తెమ్మని పేటకి కబురు పెట్టారు. ఆమె ఒక్కటే అడిగించింది: "నలుగురిలో అన్నారు. నలుగురిలోనే కాదని చెబుతారా?" మావగారు "సరే, రమ్మను" అన్నారు.

ఆమె వచ్చింది. అరుగు ముందు జనం ఉన్నారు. కొత్త పుల్ల ఆమె పాలల్లో ఉండవలసిన చోటే నిలబడింది. మావగారు గొంతు సవరించుకుని అందరి వైపూ తిరిగారు.

"చూశారా? భయమనేది ఉంటే పాలు ఎలా ఉంటాయో! నేను గట్టిగా ఉండబట్టే దారికొచ్చారు."

"ఇవి ఆ పాలేనండి" అంది ఆమె. "గేదె అదేనండి, పితికే చెయ్యీ అదేనండి." ఆయన ఇంకేమన్నా అంటారేమోనని నిలబడింది.

"సరే సరే, పొయ్యి."

ఆమె పొయ్యలేదు. గిన్నె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. "పొగరు" అన్నారు మావగారు. అప్పుడు గుమ్మంలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. అంతమంది మగాళ్ళ ముందు ఆవిడ నోరు విప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఎవరి పాలల్లోనూ నీళ్ళు లేవు. ఈయన గాజుకి లక్క పెట్టారు, ఆ బరువుకి మునిగింది. అంతే."

వినవలసిన మనిషి అప్పటికే మలుపు తిరిగింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, బస్టాండుకి ఇవతల ఆమెని అందుకుని చెప్పాను: నలుగురిలోనూ చెప్పేశారు, నీ తప్పు లేదని అందరూ విన్నారు అని.

"ఎవరండీ చెప్పింది? అయ్యగారా, అమ్మగారా?"

"అత్తయ్యగారు."

"ఆయమ్మ నన్నేమీ అనలేదు కదండీ" అని, హోటలు వైపు నడిచింది.