ఐర్లాండ్ సార్ అడిగిన నాలుగో ప్రశ్న

మా చిన్నప్పుడు... మస్కట్‌లో శుక్రవారం వచ్చిందంటే చాలు, నాకు గుండెల్లో దడ. అందరికీ సెలవు, సంబరం. మా అన్నకి మాత్రం ఆ రోజే రగ్బీ.

ఖురం అనే పేటలో సముద్రానికి దగ్గర్లో గట్టి ఇసుక గ్రౌండ్. కోడిగుడ్డులాంటి ఆ బంతిని పొట్టకి అదుముకుని అన్న పరిగెత్తడం, నలుగురు మీదపడి కింద పడెయ్యడం... అమ్మ చూడలేక మొహం తిప్పుకునేది. నేను ఆమె కొంగు పట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూసేదాన్ని.

కరీంనగర్ నుంచి వచ్చి ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేసే మా బాపుకి మాత్రం అదో గొప్ప. నేర్పేది ఐర్లాండ్ సార్ కదా మరి! ఒకప్పుడు తన దేశం జట్టులో ఆడిన మనిషి. చెవులు రెండూ నలిగి ముద్దలయ్యాయి, ముక్కు ఓ పక్కకి వంగింది. ఆ మొహం చూస్తేనే నాకు హడల్.

"దేశానికి ఆడినోడే! మనోడు గూడ గంతదాక పోతడు సూడుండ్రి," అని బాపు కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఓసారి ఫైనల్ మ్యాచ్‌లో అన్న తల ఇంకో పిల్లాడి మోకాలికి ఠప్పున తగిలింది. ఆ చప్పుడు గట్టు మీదున్న మాకూ వినపడింది... అన్న లేచాడు. నవ్వాడు కూడా.

సార్ పరిగెత్తుకొచ్చి, తలకి దెబ్బ తగిలితే ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలే అడిగారు. ఇది ఏ గ్రౌండ్? ఎవరితో ఆడుతున్నాం? పోయిన వారం గెలిచామా? అన్న గడగడా చెప్పేశాడు.

"నో ప్రాబ్లం సార్! బాయ్ ఓకే! ప్లే, ప్లే!" బాపు తన డ్యూటీ ఇంగ్లీషు తీశాడు. ఏడుస్తున్న అమ్మతో "ఏం గాలే, గమ్మునుండు," అన్నాడు.

సార్ వినలేదు. నన్ను పిలిచి అన్న ఎదురుగా నిలబెట్టారు. ఈ పాప పేరేంటని అడిగారు.

అన్న నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వు పోయింది.

"తెల్వదు..."

అమ్మో... ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. నేను గుక్కపట్టి ఏడ్చాను. సార్ "ఖలాస్" అని ఆటకి దండం పెట్టి, అన్నని ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తారు.

ఆసుపత్రి వరండాలో అమ్మ కూలబడిపోయింది. "నా కొడుకు నాకు గావాలె... ఏ ఆటొద్దు," అని ఒకటే ఏడుపు.

అప్పుడు చెప్పారు సార్. తను ఆడే రోజుల్లో ఆ జవాబులన్నీ మ్యాచ్‌కి ముందే బట్టీ పట్టేవారట. తల దిమ్మెక్కి ఎదురుగా ఉన్న గోల్‌పోస్టులు కంటికి ఆనకపోయినా, అవే అప్పజెప్పి మళ్ళీ దిగేవారట. పేరొచ్చింది, దేశానికి ఆడారు. ఒకరోజు డ్రెస్సింగ్ రూమ్‌లో బూటు లేసు ఎలా కట్టుకోవాలో గుర్తురాక అలాగే కూర్చుండిపోయారట. ఆ తర్వాత ఇక ఆడలేదు.

"నన్నెవరూ ఆపలేదు," అన్నారు, బాపు వైపు చూస్తూ.

సాయంత్రానికి అన్న నన్ను చూసి "ఏందే చిట్టీ, ఏడుస్తున్నవ్?" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న బాపు గోడకి ఆనుకుని భోరుమన్నాడు.

ఇప్పుడు అన్న కొడుకు కూడా మస్కట్‌లోనే ఆడుతున్నాడు. పచ్చటి గ్రౌండ్లొచ్చాయి. తలకి దెబ్బ తగిలిందంటే, తండ్రులు ఎంత అరిచినా సరే, పిల్లాడిని బయట కూర్చోబెట్టేస్తున్నారు. సార్ ఆడే రోజుల్లో కూడా ఇలా ఉండి ఉంటే ఎంత బాగుండేది...

మీరు ఏడుస్తున్నా వినకుండా మిమ్మల్ని ఆటలోంచి లాక్కొచ్చిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి. రాసేముందు వాళ్ళకి ఒక్కసారి ఫోన్ చెయ్యండి... మేం చేసేసరికి, పేరు చెప్పినా సార్ అన్నతో "ఎవరు మీరు?" అన్నారు.