కుంకుమ అని కొట్టిపారేసిన ఎర్ర గీత

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది మాట ఇది. అప్పటికి కాట్పాడిలో, స్టేషనుకు కాస్త దూరంగా ఒక సందులో నాకు చిన్న టెస్టింగ్ ల్యాబ్ ఉండేది. ల్యాబ్ అంటే రెండు గదులు, ఒక రాతి బల్ల, గోడకు బిగించిన ట్యూబులైట్లు నాలుగు. అక్కడ నేను చేసేది ఎన్.డి.టి., అంటే నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్. వస్తువును కోయకుండా, విరగ్గొట్టకుండా అందులో పగులు ఉందో లేదో తేల్చడం. రాణిపేట చుట్టుపక్కల షాపుల నుంచి వెల్డింగ్ చేసిన పైపులు, ప్లేట్లు వచ్చేవి. వారమంతా ఇనుములో పగుళ్ళు వెతికేవాణ్ణి, ఆదివారం వేలూరులో హేతువాద మిత్రుల సభకు పోయి మనుషుల నమ్మకాల్లో పగుళ్ళు వెతికేవాణ్ణి. రెండు పనుల్లోనూ నాకు పేరుండేది. రెండో పనిలో శత్రువులు కూడా ఉండేవారు. దాన్ని గర్వంగానే చెప్పుకునేవాణ్ణి.

ఒక బుధవారం పొద్దున గుడియాత్తం నుంచి చెంగల్వరాయ నాయుడు వచ్చారు. లుంగీలు నేయించి అమ్మే కుటుంబం. అరవై దాటిన మనిషి. ఆయన దగ్గర ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి ఉందని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. దాదాపు డెబ్బై ఏళ్ళ నాటిది. తండ్రి కొన్నది. అలాంటివి దేశంలో ఎన్ని మిగిలాయో వేళ్ళ మీద చెప్పవచ్చునంటారు. ఈయన దాన్ని అద్దాల గదిలో పెట్టుకోలేదు. శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాక్ మీద పాత కార్ల పందెంలో తానే తోలేవారు.

చేతిలో పసుపు గుడ్డ మూట. విప్పితే స్టబ్ యాక్సిల్. ముందు చక్రం తిరిగేది దీని మీదే. మూరెడు కూడా లేని ఉక్కు ముక్క. మలుపులో కారు బరువంతా దాని మెడ మీద పడుతుంది. అది విరిగితే చక్రం ఊడిపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనవసరం లేదు.

"ఆదివారం పందెముండాది. పాత బండ్లకి దీన్ని టెస్టు చేసిన కాయితం కావాలని ట్రాక్‌లో వాళ్ళు కొత్తగా రూలు పెట్టినారు. ఏమీ లేదని సుమ్మా, ఊరికే రాసిచ్చేయప్పా, పోతా," అన్నారు.

నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది. చూడకముందే రాసిమ్మనే మనిషికి ఏదో తెలిసే ఉండాలి. రెండో అనుమానం ఆ ముక్కను చూడగానే పుట్టింది. చదునుగా ఉన్న దాని ముఖం మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు.

"ఇదేంటి నాయుడుగారూ? ఉక్కుకు కూడా దిష్టి తగులుతుందా?"

"నా భార్య పెట్టింది. బండి పందేనికి పోతాదంటే ఆమెకి బయం. బొట్టు పెడితే నీ ఇనుము నొచ్చుకుంటాదా?"

"నొచ్చుకోదు, తుప్పు పడుతుంది. అంత భయమైతే పందెం మానేయవచ్చుగా? ఇంత విలువైన బండిని ఎందుకు గోడకు గుద్దుకోవడం?"

"షెడ్లో పెట్టి గుడ్డ కప్పితే అది బండా, పీనుగా? మా నాయన దీన్ని తోలేదానికి కొన్నాడు, తుడిచేదానికి కాదు. గీత పడితే పడనీ."

ఈ మాట నాకు నచ్చింది. కానీ నచ్చినట్టు కనపడనివ్వలేదు. టెస్టు చేయకుండా సంతకం పెట్టనని గట్టిగా చెప్పి ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టాను.

అలాంటి ఉక్కుకు సరైన పరీక్ష మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్. యోక్ అనే గుర్రపునాడా ఆకారపు విద్యుదయస్కాంతాన్ని రెండు కాళ్ళతో ముక్క మీద ఆనించి, మీద సన్నని ఇనుప పొడి చల్లుతాం. పగులుంటే పొడి అక్కడ బారులు తీరుతుంది. ఆ వారం నా యోక్ అరక్కోణంలో ఒక సైటులో ఉంది. గురువారం రాత్రికి గాని రాదు. అందుకని డై పెనెట్రెంట్ టెస్ట్ చేశాను. ఇది సులభం. ముక్కను క్లీనర్‌తో కడిగి ఎర్రరంగు ద్రవం పూయాలి. అది పగులుంటే లోపలికి ఇంకుతుంది. పైన మిగిలినది తుడిచేసి, డెవలపర్ అనే తెల్లటి పొడిని స్ప్రే చేస్తే, ఇంకిన ఎరుపు మళ్ళీ పైకి ఊరి తెలుపు మీద గీతలా కనిపిస్తుంది.

గీత కనిపించింది. యాక్సిల్ మెడ మొదట్లో, ముఖానికీ కడ్డీకీ మధ్య గుండ్రంగా తిరిగే మూలలో, గోటి పొడవున సన్నని ఎరుపు.

మా పద్ధతి ప్రకారం, సందేహం కలిగించే గీతను తుడిచి మొదటి నుంచీ మళ్ళీ పరీక్షించాలి. అలా చేసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. కానీ నా కళ్ళ ముందు అప్పటికే ఒక దోషి ఉన్నాడు. నాయుడుగారి భార్య అలివేలమ్మగారి కుంకుమ. నేను కడిగినప్పుడు అది క్లీనర్‌లో కరిగి, జారి, ఆ మూలలో చేరిందని ఒక్క క్షణంలో తేల్చేశాను. ఎంత బాగా అతికిందో ఆ వివరణ! మూఢాచారం శాస్త్రాన్ని కూడా ఎలా కలుషితం చేస్తుందో ఆదివారం సభలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

"చూశారా మీ ఇంటి భక్తి? పగులు లేని చోట పగులు చూపిస్తోంది," అన్నాను. ఫోటో తీశాను. రిపోర్టులో 'కుంకుమ వల్ల కలిగిన తప్పుడు సూచన. పగులు లేదు' అని రాసి సంతకం పెట్టాను. నాయుడుగారు నా భుజం తట్టి వెళ్ళారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన మెకానిక్ దేవసహాయం బస్సులో వచ్చాడు. నలభై ఏళ్ళుగా ఆ కారు విప్పి బిగిస్తున్న మనిషి. అదే యాక్సిల్‌ను సిమెంటు సంచిలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, దీన్ని నేను బిగించను."

"ఎందుకు? రిపోర్టు ఇచ్చానుగా."

"మీ ఫోటో చూసినా. మనసు ఒప్పలేదు. రేత్రంతా కిరసనాయిల్లో నానబెట్టినా. పొద్దున తుడిచి సుద్దపొడి పూసినా. అదే చోట తడి గీత వచ్చినాది సార్."

నా మూడో అనుమానం మొదలైంది. భర్త పందేనికి పోవడం అలివేలమ్మగారికి ఇష్టం లేదు. మెకానిక్ చేత అడ్డుపుల్ల వేయిస్తోందన్నమాట.

"దేవసహాయం, నిజం చెప్పు. అమ్మగారు పంపారా నిన్ను?"

అతను తల దించలేదు. "అమ్మ అడిగినాది, నిజమే. బండి స్టార్టు కాకుండా ఏదన్నా చేయరా అని పోయిన నెల అడిగినాది. నేను చెయ్యనంటిని. అబద్దం చెప్పేదుంటే గుడియాత్తంలోనే చెప్పుంటా గదా. పంపు కాలిపోయిందంటే అయిపాయె. ఇంత ఎండలో బస్సు పట్టుకుని మీతో తిట్లు తినేదానికి వస్తానా?"

"కుంకుమ ఇంకా ఆ మూలలోనే ఉండి ఉంటుంది. అదే తడిని పీలుస్తోంది."

"అమ్మ బొట్టు పెట్టింది ఈ పక్కన. గీత ఉండేది ఆ పక్కన, కింద. కుంకం ఏమన్నా నడిచి పోతాదా సార్? మీరు దేవుడే లేడంటారు, మళ్ళీ కుంకానికి కాళ్ళుండాయంటారు."

అతనే మళ్ళీ అన్నాడు. "అయస్కాంతం టెస్టు ఒకటుండాదంట గదా మీకాడ. కుంకం ఇనప పొడిని లాగతాదా?"

ముప్పై ఏళ్ళు వేదికలెక్కి వాదించినవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. లాగదు. ఆ ఒక్క పరీక్షలో నా వివరణ నిలవాలి, లేదా కూలాలి. అడగవలసినవాణ్ణి నేను. అడిగినవాడు ప్రతి ఆదివారం చర్చికి పోయే దేవసహాయం.

యోక్ అప్పటికి వచ్చి మూలన ఉంది. ముక్కను తుడిచి, యోక్ ఆనించి, పొడి చల్లాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నల్లటి రేణువులు చీమల్లా కదిలి మెడ చుట్టూ బారు కట్టాయి. గోటి పొడవు కాదు, చుట్టులో సగానికి పైగా. దేవసహాయం సిలువ గుర్తు వేసుకున్నాడు. నాకు ఎగతాళి చేయాలనిపించలేదు.

నాయుడుగారికి ఫోన్ చేశాను. గంటన్నరలో వచ్చేశారు, కోపంతో ఊగిపోతూ.

"బుదవారం లేని పగులు శుక్రవారం ఎట్లొచ్చె? నా భార్య నిన్ను కూడా పట్టుకునిందా ఏంది?"

"బుధవారం కూడా ఉంది. నేను చూసి, కాదన్నాను. తప్పు నాది."

"నువ్వా? తప్పా? మాట మార్చేటోడివి కాదని గదప్పా నీ కాడికి వచ్చింది!"

పొడి గీత చూపించాను. నమ్మలేదు. ఇదే యాక్సిల్ మీద ఇరవై పందేలు తోలానని, ఏమీ కాలేదని అన్నారు. ఇంతవరకూ కాలేదనడం ఇకమీదట కాదనడానికి రుజువు కాదన్నాను. సరే, మెల్లగా రెండు రౌండ్లు తిప్పి వచ్చేస్తానన్నారు. ఆదివారం ఈయన ఆ కారెక్కితే చచ్చిపోతారు, చేతిలో నా సంతకమున్న కాగితం ఉంటుంది. ఇంకో రుజువు చూపాలి. ఒక్కటే మిగిలింది. అది నా వృత్తి పేరుకే విరుద్ధం.

"విరగ్గొట్టి చూద్దాం. మంచిదైతే సుత్తి దెబ్బకు విరగదు, మహా అయితే వంగుతుంది. కానీ మీ నాన్నగారి నాటి అసలు ముక్క పోతుంది."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. ఆ కారులో ఆ నాటి ముక్కలు ఎన్ని మిగిలి ఉన్నాయో ఆయనకు తెలుసు. తర్వాత చొక్కా చేతులు మడిచి, "సుత్తి ఇయ్యి దేవసహాయం. నేనే కొడతా," అన్నారు.

పక్క లేత్ షాపులో వైస్ దవడల మధ్య బిగించాం. మొదటి దెబ్బకు సుత్తి ఎగిరిపడింది. రెండో దెబ్బకు శబ్దం మారింది, బొంగురుగా. మూడో దెబ్బకు కడ్డీ తెగి నేల మీద దొర్లింది.

తెగిన ముఖాన్ని దీపం కింద పెట్టాను. ఆ సుత్తి దెబ్బకు కొత్తగా తెగిన భాగం వెండిలా మెరుస్తోంది, చిటికెన వేలి గోరంత. మిగిలిందంతా పాత పగులు. నల్లగా, నూనె ఇంకి, ఒకదాని వెనక ఒకటి వంపు గీతలతో. ఒక్కో గీత ఒక్కో పందేనిదే కావచ్చు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ప్రాణం ఆ మెరిసే మచ్చ మీద ఆగి ఉంది. నాయుడుగారు దాని మీద వేలు పెట్టి చూసి, వెళ్ళి గుమ్మంలో కూర్చున్నారు.

ఆ ఆదివారం కారు పోలేదు. కొత్త ఉక్కుతో రాణిపేటలో రెండు స్టబ్ యాక్సిళ్ళు చేయించారు. రెండింటికీ రెండు రకాల పరీక్షలూ చేశాను. రెండు నెలల తర్వాత పందేనికి నన్నూ పిలిచారు. మూడో మలుపులో వెనకవాడు తగిలి ఎడమ చక్రం మీది ఫెండర్ రేకు అప్పడంలా నలిగింది. అంత అపురూపమైన కారుకు అంత పెద్ద సొట్ట. ఆయన హెల్మెట్ తీసి చిన్నపిల్లాడిలా నవ్వుతూ దిగారు. సొట్ట సంగతి దేవసహాయం చూసుకుంటాడన్నారు.

టీ తాగుతుండగా ఉన్నట్టుండి అడిగారు. "అప్పా, ఒకటి చెప్పు. ఆ పొద్దు దేవసహాయం రాకుంటే ఏమయ్యేది?"

"మీరు పోయేవారు."

"అది తెలుసులే. నువ్వేం చేసుంటావని అడగతాండా."

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ వృత్తిలో అన్నేళ్ళు ఉండి నేర్చుకున్నదేదైనా ఉంటే అది ఆ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

"మీ ఇంటికి వచ్చేవాణ్ణి. మీ ఆవిడతో, మీరు మలుపు వేగంగా తీశారని, ట్రాక్ బాగాలేదని, వయసు మీద పడిందని చెప్పేవాణ్ణి. ఏదో ఒక కారణం వెతికేవాణ్ణి నాయుడుగారూ. అది నా సంతకం కాకుండా ఉండేలా వెతికేవాణ్ణి. చివరికి నేనే నమ్మేవాణ్ణి కూడా."